కయోటీలు దూరం నుంచే చూసి పారిపోతున్నాయి, తప్పు ఎక్కడ?

కొత్త లైసెన్స్, డాలస్:
అందరికీ నమస్కారం. అమరిల్లో దగ్గర మా కొలీగ్ మామగారికి పశువుల రాంచ్ ఉంది. ఆవులు ఈనే రోజులు, కయోటీలు (నక్కలాంటి అమెరికా అడవి జంతువులు) తిరుగుతున్నాయని ఆయనే వేటకి రమ్మన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్స్ రెండూ అయ్యాయి. జంతువుల అరుపులు వినిపించి కయోటీని రప్పించే కాలర్ అనే రిమోట్ స్పీకర్ కొని కుందేలు అరుపు పెడుతున్నాను. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ ఇదే వరస. అర మైలు దూరంలో ఒకటి కనిపిస్తుంది, నిలబడి చూస్తుంది, తిరిగి పోతుంది. చెట్టూ చేమా లేని బయలు. ఎక్కడ దాక్కోవాలి? కాలర్ మార్చాలా?

పాన్‌హ్యాండిల్ పెదనాన్న:
కాలర్ జోలికి పోకు బాబూ. బండి ఎక్కడ ఆపావు? ఎటునుంచి నడిచావు? గాలి ఎటు?

కొత్త లైసెన్స్:
గేటు పక్కన మిట్ట మీద ఆపాను అంకుల్. ఫెన్స్ వెంట సూటిగా నడిచి గడ్డి బేల్ (కట్టిన పెద్ద గడ్డి మోపు) వెనక కూర్చున్నా. గాలి... వీపుకి చల్లగా తగులుతోంది, అంటే వెనకనుంచే కదా.

పాన్‌హ్యాండిల్ పెదనాన్న:
ఇంకేం, నువ్వు కూర్చోకముందే వాటికి కబురు వెళ్లిపోయింది. రోజూ మేత వేసే ట్రక్కు కదులుతుంటే కయోటీలు పెద్దగా పట్టించుకోవు. అదే ట్రక్కు మిట్ట మీద ఆగి, తలుపు తెరుచుకుని, మనిషి దిగాడంటే లెక్క మారిపోతుంది.

బండి పల్లంలో ఆపు. ఆ చివరి అర మైలు నడవాల్సిందే. లోపలి లైటు ముందే ఆర్పెయ్. తలుపు దబ్బున వెయ్యకు, చేత్తో ఒత్తి మూసెయ్. మిట్ట నెత్తిమీద ఎప్పుడూ నడవకు, ఆకాశం మీద నీ ఆకారం బొమ్మ గీసినట్టు కనబడుతుంది. వాలు సగంలో నడువు. ఎండిన వాగు ఉంటే అందులోకి దిగు, అరగంట చుట్టు తిరుగుడైనా సరే.

ఇక గాలి. కయోటీ అరుపు విన్నాక తిన్నగా రాదు. చుట్టు తిరిగి గాలి దిగువకు, అంటే గాలి పోయే వైపుకి చేరి, వాసన పట్టి, అప్పుడు నమ్ముతుంది. అందుకే ఎదురుగాలి కన్నా అడ్డగాలి నాకిష్టం. గాలి ఎడమనుంచి కుడికి వీస్తోందనుకో, కాలర్‌ని నీ ఎడమపక్క 40 గజాల్లో పెట్టు. అది కాలర్‌కి దిగువన చేరాలని చూస్తూ, నీ వాసన తగిలేలోపే నీ ముందునుంచి పోతుంది. కుడిపక్క 200 గజాలైనా ఖాళీగా కనబడాలి. జేబులో చిన్న పౌడర్ డబ్బా పెట్టుకో, చిటికెడు వదిలితే గాలి సంగతి తెలిసిపోతుంది.

బేల్ వెనక కూర్చోకు, ముందు కూర్చో, నీడ పడే పక్కన. వెనకనుంచి తల ఎత్తితే బేల్ మీద గుమ్మడికాయ పెట్టినట్టుంటుంది. ముఖానికి, చేతులకి గుడ్డ ఉండాలి. వాటికి రంగులు మనంత బాగా తెలియవు, కదలిక మాత్రం ఇట్టే పట్టేస్తాయి. బేల్ లేకపోతే మెస్కీట్ పొద చాలు. మన ఊళ్ల సర్కారు తుమ్మ దీని దాయాదే, ముల్లు దిగితే గుర్తొస్తుంది.

లబ్బక్ పత్తిచేను:
పెదనాన్నగారూ, కాలర్ లేకుండా కూడా పని అవుతుంది. పత్తి తీసేసిన చేలో పగటిపూట ఎలుకలు పట్టే కయోటీ దొరికితే ఎదురుగాలిలో మెల్లగా పోవడమే. అది తల దించి ఎలుక మీదికి దూకబోతున్నప్పుడు నాలుగడుగులు వెయ్యాలి, తల ఎత్తగానే కాలు గాల్లో ఉన్నా సరే ఆగిపోవాలి. గంటకు 15 మైళ్ల గాలి ఉన్న రోజైతే అడుగుల చప్పుడు దాంట్లో కలిసిపోతుంది. గట్టిపడిన మంచు మీద మాత్రం వద్దు, ప్రతి అడుగూ అప్పడం నలిగినట్టు వినపడుతుంది.

పాన్‌హ్యాండిల్ పెదనాన్న:
చెయ్యొచ్చు తమ్ముడూ, ఓపిక నీది. నేను అలా పాకిన రోజుల్లో మోకాళ్లకి ముళ్లే మిగిలాయి. కొత్తవాడికి ముందు కూర్చోవడం రానీ.

హెచ్1బి అన్న:
రెండు ముక్కలు. వర్క్ వీసాలాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకి పట్టుకుంటే ఫెడరల్ నేరం. టెక్సాస్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబర్ 1న చూసుకోండి.

రెండోది, టెక్సాస్‌లో కయోటీకి సీజన్ లేదు, ఇన్నే అన్న లెక్కా లేదు. నక్కల సంగతి వేరు, అవి బొచ్చు జంతువుల జాబితాలో ఉన్నాయి, రూల్సు వేరు. పాన్‌హ్యాండిల్ (టెక్సాస్ ఉత్తరపు కొన) గడ్డి బయళ్లలో స్విఫ్ట్ ఫాక్స్ అనే చిన్న నక్క తిరుగుతుంది. దాని తోక కొన కూడా నలుపే, దూరంనుంచి కయోటీ పిల్లలా ఉంటుంది. బరువు రెండు మూడు కిలోలు, పెద్ద పిల్లి అంత. చిన్నగా కనబడితే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి.

అనంతపురం కెమెరా:
మా దగ్గర వేరుశనగ చేల గట్ల మీద గుంటనక్కలు కనబడతాయి. ఫొటోలకి ఇవే పనికొస్తాయా?

పాన్‌హ్యాండిల్ పెదనాన్న:
గాలి, నడక, నీడ అన్నీ అవే. అరుపులు మాత్రం పెట్టకండి, బొరియ దగ్గరికి పోకండి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్క వేట నేరమని మీకు తెలిసిందే. బండిలోనే కూర్చుని ఇంజన్ ఆపేసి తీస్తే ఇంకా మేలు.

కొత్త లైసెన్స్:
శనివారం వెళ్లొచ్చాను. బండి స్టాక్ ట్యాంక్ (పశువుల నీటి కుంట) కట్ట వెనక పల్లంలో పెట్టి, వాగులోంచి నడిచి, బేల్ ముందు నీడలో కూర్చున్నా. సౌండ్ చిన్నగా మొదలుపెట్టాను. పావుగంట దాకా ఏమీ లేదు. రిమోట్ మీద వేలు వేసి ఆపేద్దామనుకునేసరికి కుడిపక్క గడ్డిలో రెండు చెవులు. చుట్టు తిరిగే వచ్చింది అంకుల్, మీరన్నట్టే! 120 గజాలు ఉంటుందేమో. నక్కతోక తొక్కాననుకుని తుపాకి అటు తిప్పాను, అంతే, మాయం.

పాన్‌హ్యాండిల్ పెదనాన్న:
అది నిన్ను చూస్తుండగా తిప్పావు. తుపాకిని ముందే బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద కుడికి పెట్టుకుని కూర్చోవాలి. తిప్పక తప్పకపోతే దాని తల పొద చాటుకి పోయినప్పుడు తిప్పు. నడుస్తున్నదాన్ని ఆపాలంటే నోటితో కుక్కలా ఒక్కసారి "వుఫ్" అను, రెండు సెకన్లు నిలబడుతుంది. పడితే ఉత్త చేతులతో ముట్టుకోకు, గ్లవ్స్ వేసుకో, రేబిస్ భయం ఉంటుంది. ఆ బేల్ దగ్గరికి రెండు మూడు వారాలు పోకు. కుందేలు అరుపు కూడా మార్చు, ఆ కయోటీకి అది ఇప్పుడు తెలుసు. ఫిబ్రవరి కదా, జత కట్టే రోజులు, ఊళ పెట్టి చూడు.