వికలాంగుల ఉపాధి శిక్షణ కేంద్రం నడిపేవాళ్ళకు ఏం రావాలి?

గోదారి_టీచర్:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ బధిరుల స్కూల్లో పాఠాలు చెప్పాను. వచ్చే నెల నుంచి మా సంస్థ వృత్తి శిక్షణ కేంద్రం బాధ్యత నాకిస్తున్నారు. టైలరింగ్, కంప్యూటర్, ప్యాకింగ్ కోర్సులున్నాయి. పిల్లలతో మెలగడం వచ్చు, లెక్కలు, రిపోర్టులు నేర్చుకుంటాను. మేనేజర్‌కు అసలు దేనిమీద పట్టుండాలి? కాస్త టెన్షన్‌గానే ఉంది.

విద్యానగర్_పాతకాపు:
ముందు పని చూడటం నేర్చుకోండి మేడమ్. అభ్యర్థి గురించి ఫైలు నిండా రాస్తాం, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి 'ప్యాకింగ్' అని ఒక్క మాట రాసి ఊరుకుంటాం. షిఫ్టంతా నిలబడాలా, స్టూలు వేస్తారా? ఎంత బరువెత్తాలి? లేబుల్ చదవాలా, రంగు చూసి సర్దితే చాలా? టాయిలెట్‌కు మెట్లున్నాయా? యూనిట్‌కు వెళ్ళి ఒక షిఫ్టు పక్కనే ఉండి రాసుకోండి. వీలైతే ఆ పని మీరే చేసి చూడండి.

మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కేంద్రంలో చక్కగా చేసిన పని కూడా చోటు మారితే వాళ్ళలో చాలామందికి మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ముందు ఉద్యోగం చూసి, అక్కడే జాబ్ కోచ్‌ను పక్కన పెట్టి నేర్పించి, మెల్లగా కోచ్‌ను తప్పించే పద్ధతి వచ్చింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది కదా (1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైంది), వాళ్ళు సిబ్బందికి కొద్దిరోజుల శిక్షణలు కూడా ఇస్తారు. తప్పకుండా వెళ్ళండి.

స్వరం77:
నాకు చూపు లేదు. శిక్షణ తీసుకున్న మనిషిగా చెబుతాను. నేను చేరిన మొదటి చోట ఇన్‌చార్జి, నాకేం కావాలో మా నాన్నను అడిగేవారు. కంప్యూటర్ నేర్చుకుంటానంటే టెలిఫోన్ ఆపరేటర్ కోర్సే మంచిదని తేల్చేశారు. రెండో చోట మేడమ్ నన్నే అడిగారు. ఇంటర్వ్యూకు పంపేముందు ఆ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను ఎన్‌వీడీఏ (తెర మీదున్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్) చదువుతుందో లేదో వాళ్ళ ఐటీవాళ్ళతో కూర్చుని చూశారు. బటన్లకు పేర్లు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ 'బటన్, బటన్' అంటుందే తప్ప ఏం నొక్కుతున్నామో చెప్పదు. చేరాక ఆ సంగతి బయటపడితే 'ఇతను చేయలేడు' అంటారు. ఎన్‌వీడీఏ ఉచితం, ఖర్చు అనడానికి లేదు.

అమ్మ_కడప:
మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ. ఇంట్లోవాళ్ళ భయాలు వినడం రావాలండి. ఏపీలో పింఛను ఇప్పుడు నెలకు 6,000. ఉద్యోగంలో మొదట వచ్చేది తొమ్మిదో పదో వేలు, ఆటోకే బోలెడు పోతుంది. చేరితే పింఛను తీసేస్తారేమోనని ప్రతి ఇంట్లోనూ భయమే. "ఏం కాదులెండి" అని తేలిగ్గా అనేవాళ్ళంటే నాకు కోపం. సచివాలయంలో అడిగి, ఆ జీతానికి నియమం ఏం చెబుతుందో కనుక్కుని చెప్పాలి. ఆడపిల్లయితే వెళ్ళొచ్చే దారి కూడా చూడాలి.

హెచ్‌ఆర్_వైజాగ్:
కంపెనీ వైపు మాట. జాలి కలిగేలా మాట్లాడితే ఒకరిని తీసుకుని ఫొటో దిగి వదిలేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చదువుకుని రండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ సంగతి అందరికీ తెలుసు. 20 మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని, అందులో సదుపాయాలేమిటో, ఈ వ్యవహారాలు చూసే లైజన్ ఆఫీసర్ ఎవరో ఉండాలని మా వాళ్ళకే చాలామందికి తెలియదు. అది చూపించమని అడగండి.

చేరాక కూడా ఫోన్ చేస్తూ ఉండండి. నాకు తెలిసిన ఒక యూనిట్‌లో బధిర కుర్రాడు మానేశాడు. పని చేతకాక కాదు. షిఫ్టు మార్పులు మైకులో చెప్పేవారు, అతనికి తెలిసేది కాదు. వాట్సాప్‌లో పెట్టమని చెప్పే మనిషి లేకపోయాడు.

విద్యానగర్_పాతకాపు:
చివరి మాటతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. కానీ మొదటి మీటింగ్‌లోనే సెక్షన్లు తీస్తే చిన్న యూనిట్లవాళ్ళు రెండోసారి రానివ్వరు. పనిమంతుడిని చూపించండి, చట్టం ఆ తర్వాత. ఇంకోటి, రిపోర్టులో 'ప్లేస్‌మెంట్లు' (ఎందరికి ఉద్యోగం వచ్చింది) అనే కాలమ్ ఒక్కటే అడుగుతారు. ఆరు నెలల తర్వాత ఎందరు మిగిలారో, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో మీరే రాసుకోండి.

గోదారి_టీచర్:
చాలా థాంక్స్ అండి. మరి జాబ్ కోచ్‌కు జీతం? మా గ్రాంటులో ట్రైనర్ పోస్టులే ఉన్నాయి.

విద్యానగర్_పాతకాపు:
ఉన్న ట్రైనర్లనే వారంలో రెండు రోజులు యూనిట్లకు పంపండి. బ్యాచ్ చిన్నదవుతుంది, ఎందుకని అడుగుతారు. దానికి ఆ ఆరు నెలల లెక్క చూపించండి.