అప్‌డేట్: ఏఐకి నెలనెలా డబ్బు కట్టాలా అని అడిగాను కదా

పోయిన నెల ఇదే అడిగితే, ముందు ఒక వారం దేనికి వాడుతున్నావో రాసి చూడమన్నారు. రాశాను, కాస్త సిగ్గేసింది కూడా.

2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన కొత్తలో నాకదంతా వేళాకోళమే, మా కుక్క మీద సీసపద్యం రాయమంటే గణాలూ లేవు, యతీ లేదు, ఆ తెలుగు చదివి ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. 2023లో ఫొటో చూడటం, మాట వినడం వచ్చాక కథ మారింది. ఈ వారం చిట్టాలో పద్యం ఒక్కటీ లేదు. ఇంటి ఓనరుకి అడ్వాన్స్ తిరిగివ్వమని మర్యాదగా మెయిల్, రెండు ఎక్సెల్ ఫార్ములాలు, నాన్న షుగర్ రిపోర్టు ఫొటో పెట్టి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) అంటే ఏంటో తెలుగులో చెప్పించుకోవడం. అదీ కాగితం మడత మీదున్న 7.2ని 1.2 అని చదివింది, నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

అసలు ఎక్కువ వాడేది అమ్మ! టైపింగ్ రాదు, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "ఏమ్మా, ఆవకాయలో నూనె పైకి తేలలేదు, ఇంకాస్త పోయనా?" అని అడుగుతోంది, అది చెప్పాక మళ్లీ పిన్నికి ఫోన్ చేసి కనుక్కుంటుంది, అది వేరే సంగతి.

డబ్బు కట్టట్లేదు. మాకు ఉచితంగా వచ్చేదే చాలుతోంది.