అండమాన్‌లో పిల్లతో స్నార్కెలింగ్, పెద్దావిడతో ప్రశాంతమైన తీరం: ఏ దీవికి వెళ్లాలి?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. నేను, మావారు, పదకొండేళ్ల పాప, అరవై నాలుగేళ్ల మా అత్తగారు. మొత్తం ఆరు రాత్రులు. పగడాల మధ్య తిరిగే చేపలను టీవీలో చూసినప్పటి నుంచి పాపది ఒకటే పట్టు, మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్లలో మొహం ముంచి (దాన్నే స్నార్కెలింగ్ అంటారట) వాటిని తన కళ్లతో చూడాలని. మా అత్తగారికి సముద్రం ఎదురుగా ఎవరూ కదిలించకుండా రెండు గంటలు కూర్చోనిస్తే చాలు.

మాకు తెలిసిన సముద్రం తుమ్మలపెంట, రామాయపట్నం. అక్కడ కూడా మోకాలి లోతు దాటి వెళ్లింది లేదు. పాప రెండు వేసవుల్లో ఈత నేర్చుకుంది. మావారికి ఈత వచ్చు, నాకు రాదు. మేము అడిగిన ప్యాకేజీ వాళ్లందరూ రోజుకు నాలుగు చోట్ల తిప్పుతామంటున్నారు. మాకు ఆ పరుగు వద్దు. జనం లేకుండా, నీళ్లు తేటగా ఉండి, పగడాలు ఒడ్డుకు దగ్గరగా ఉన్న తీరం ఒక్కటి చెప్పగలరా?

సమాధానం (ఒంగోలు నుంచి)

అమ్మా, నేను కుటుంబంతో రెండుసార్లు వెళ్లి వచ్చాను. ముందుగా ఒక్క మాట. మీరు అడిగినవన్నీ ఒకే తీరంలో వెతకకండి. జనం లేని తీరంలో పాపకు నీళ్లలో ఇబ్బంది వస్తే చెయ్యి అందించేవాళ్లు కూడా ఉండరు. పడవలవాళ్లు, రక్షణ సిబ్బంది ఉన్న చోట పొద్దున్నే నీళ్లలోకి దిగండి. అది ముగిశాక, ఎవరూ రాని చోటికి వెళ్లి కూర్చోండి. ఈ రెండూ ఆటోలో పదిహేను ఇరవై నిమిషాల దూరంలో ఉన్న దీవి నీల్. అందుకే మీకు హేవ్‌లాక్ దీవి కన్నా నీల్ మేలంటాను.

2018లో పేర్లు మార్చారు కాబట్టి పడవ టికెట్ల మీద హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని రాస్తారు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024లో శ్రీ విజయ పురం అయింది. తెలియకపోతే తికమకపడతారు.

నీల్ చిన్న దీవి. ఊళ్ల పేర్లు వింటే మీ అత్తగారికి సంతోషం కలుగుతుంది: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అక్కడ స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు కూరగాయలు పండిస్తాయి. జెట్టీ పక్కనే భరత్‌పూర్ తీరం. నీళ్లు లోతు తక్కువ, అలలు చిన్నవి, పగడాలు దగ్గర. అద్దం అడుగున్న పడవలు కూడా అక్కడే ఉంటాయి, ఈత రాని మీరు, మీ అత్తగారు బట్టలు తడవకుండా పగడాలు చూడవచ్చు. పడవలు దిగిన యాత్రికులు ముందు వచ్చేది ఇక్కడికే కాబట్టి పొద్దెక్కేకొద్దీ సందడి పెరుగుతుంది. మీరు దీవిలోనే బస చేస్తే ఆ సందడికి ముందే దిగి బయటకు రావచ్చు.

అండమాన్ మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. జనవరిలో అయిదున్నర కల్లా వెలుతురు వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నర దాటితే చీకటే. మనలాగా ఎనిమిదింటికి టిఫిన్ తిని బయలుదేరితే సగం రోజు పోయినట్టే. ఏడింటికి నీళ్ల దగ్గర ఉండండి.

కూర్చోవడానికి, తెల్లవారుజామున సీతాపూర్, సాయంత్రం లక్ష్మణ్‌పూర్ మొదటి తీరం. సీతాపూర్‌లో సూర్యోదయం చూడండి గానీ ఈతకు దిగవద్దు, అక్కడ లాగుడు ఉంటుంది. లక్ష్మణ్‌పూర్ తీరం పొడుగైనది. జెట్టీ నుంచి వచ్చిన వాళ్లు దారి మొదట్లోనే ఆగిపోతారు. ఓ పది నిమిషాలు ఇసుకలో నడిస్తే మీరు, చెట్లు, సముద్రం, అంతే. మా అమ్మను అక్కడ చాప వేసి కూర్చోబెట్టాను. చీకటి పడుతోందని నేను లేపే వరకు ఆమె లేవలేదు.

హేవ్‌లాక్‌లో ఒక్క రాత్రి పెట్టుకోండి, రాధానగర్ తీరం కోసం. తెల్లటి ఇసుక, వెనుక ఎత్తైన అడవి. ఎంత జనం వచ్చినా సర్దుకునేంత వెడల్పు. చూడటానికీ, అలల్లో తడవటానికీ అది గొప్ప చోటు. పగడాలు చూడటానికి మాత్రం కాదు. అక్కడ పగడాల కోసం ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో తీసుకెళ్తారు. నా చేదు అనుభవం అక్కడిదే. ఒక్కొక్కరికీ ఒక రబ్బరు చక్రం ఇచ్చి, గైడు దాన్ని పట్టుకుని వేగంగా లాగేశాడు. గొట్టంతో ఊపిరి తీసుకోవడం మా అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. నీళ్లు మింగింది, భయపడింది, అయిదు నిమిషాల్లో బయటకు వచ్చేసింది. మళ్లీ దిగడానికి రెండేళ్లు పట్టింది. ఆ రోజు పడవ ఎక్కకముందే అడగవలసింది నేను. మీరు డబ్బు కట్టే ముందే అడగండి: గైడు మా పాప ఒక్కదానితోనే ఉంటాడా? మోకాలి లోతులో ముందు నేర్పుతాడా? సమాధానం సూటిగా రాకపోతే వేరేవారి దగ్గరకు వెళ్లండి.

సమాధానం (కొత్తపట్నం నుంచి)

పైన సార్ చెప్పినది సరైన మాట. నేను పోర్ట్ బ్లెయిర్ వైపు యాత్రికుల పడవల మీద ఆరేళ్లు పనిచేశాను, ఒక సంగతి కలుపుతాను. అండమాన్‌లో తీరం పేరు ఎంత ముఖ్యమో ఆటుపోట్ల వేళ అంతకన్నా ముఖ్యం.

మన దగ్గర పోటుకూ ఆటుకూ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. అక్కడ నీల్‌లో ఆటు సమయంలో నీరు వెనక్కి పోయి పగడాలు బయటపడతాయి. భరత్‌పూర్‌లో అప్పుడు వెళ్తే ఈదడానికి నీళ్లుండవు. నడిస్తే పగడం కాళ్ల కింద విరుగుతుంది, కాలూ కోసుకుంటుంది. అందుకని పోటు పూర్తిగా నిండడానికి గంటన్నర ముందు నుంచి, నిండిన తర్వాత గంట వరకు దిగండి. నీళ్లు తేటగా ఉంటాయి, నిండిన వేళ కాసేపు ప్రవాహం కూడా నిలుస్తుంది.

పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. ఈ రోజు ఏడింటికి నిండితే రేపు ఎనిమిదికి కాస్త ముందు. జెట్టీలోనో, మీరు దిగిన బసలోనో అడిగితే వేళ చెబుతారు. ఇంకొకటి, పంచాంగం చూసుకోండి. పున్నమి, అమావాస్యలకు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, ప్రవాహం గట్టిగా ఉంటుంది. అష్టమి, నవమి, దశమి రోజుల్లో ఆ ఊపు తగ్గుతుంది. పాప మొదటిసారి దిగేది ఆ రోజుల్లో అయితే మంచిది. లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో రాతి వంతెన ఉంది. దాన్ని చూడాలంటే మాత్రం ఆటు కావాలి. అక్కడి గుంటల్లో నిలిచిపోయిన నీటిలో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు అనే మెత్తటి జీవులు కనిపిస్తాయి. చెప్పులు విడవకండి, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి.

మొసళ్ల సంగతి ఎవరూ రాయలేదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో రాధానగర్ వైపే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో చనిపోయింది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, మడ చెట్లు ఉన్న చోట నీళ్లలోకి దిగకండి. చీకటి పడే వేళ, తెల్లవారకముందు అసలే వద్దు. హెచ్చరిక బోర్డు కనిపిస్తే అక్కడి వాళ్లను అడిగి తీరాలి. ఎవరూ లేని తీరం దొరికిందని సంబరపడి దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. అక్కడ ఎవరూ ఎందుకు లేరో ముందు తెలుసుకోవాలి.

సందేహం (నెల్లూరు నుంచి)

మాస్కు, గొట్టం ముందే కొనుక్కుని మైపాడులోనో కొత్త కోడూరులోనో అలవాటు చేసుకోవచ్చా? మాకూ ఇదే ఆలోచన ఉంది.

సమాధానం (కొత్తపట్నం నుంచి)

వద్దు తమ్ముడూ. మన తీరమంతా ఇసుక నేల. పెన్న, గుండ్లకమ్మ తెచ్చే ఒండ్రు, అలలు లేపే ఇసుక కలిసి నీళ్లు మసకగా ఉంటాయి. మొహం ముంచితే మీ చెయ్యి మీకే కనిపించదు. పగడం పెరగాలంటే వెలుతురు దిగే తేట నీరు, అంటుకోవడానికి గట్టి నేల కావాలి. మన దగ్గర ఆ రెండూ లేవు. పైగా ఇక్కడ అల నేరుగా వచ్చి ఒడ్డున విరుగుతుంది, విరిగిన నీరు సన్నని పాయలా లోపలికి లాగుతుంది. మొహం నీళ్లలో ఉన్నవాడికి ఆ లాగుడు తెలియదు. ఎప్పుడైనా అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంట పక్కకు ఈది బయటపడాలి. చేపల పులుసు తినడానికి మైపాడు రండి, గొట్టం అభ్యాసానికి ఈతకొలనుకు వెళ్లండి.

సమాధానం (నెల్లూరు నుంచి, చెవి ముక్కు గొంతు వైద్యురాలిని)

ఈతకొలనుకు కూడా ముందు ఇంట్లో మొదలుపెట్టవచ్చు. వెడల్పాటి తొట్టిలో నీళ్లు నింపి, పాప చేత మాస్కు, గొట్టం పెట్టించి మొహం ముంచమనండి. ముక్కు మూసుకుపోయి, నోటితోనే నెమ్మదిగా గాలి తీసుకోవడం మొదట్లో పెద్దవాళ్లకు కూడా కంగారు పుట్టిస్తుంది. రోజుకు పది నిమిషాల చొప్పున వారం చేస్తే ఆ కంగారు పోతుంది. గొట్టంలోకి నీళ్లు వస్తే గట్టిగా ఊది బయటకు పంపడం కూడా అప్పుడే నేర్పండి.

మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి, పట్టీ వేయకుండా మొహానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చాలి. చెయ్యి తీసినా అది పడిపోకుండా నిలిస్తే సరిపోయినట్టు. పిల్లలకు పిల్లల మాస్కే కావాలి, అద్దెకిచ్చే చోట అది దొరక్కపోవచ్చు, కొని తీసుకెళ్లండి. మీవారికి మీసం ఉంటే పై పెదవి దగ్గర నీళ్లు కారుతాయి, అక్కడ కొంచెం వ్యాజలైన్ రాస్తే తగ్గుతుంది.

జలుబు, చెవినొప్పి ఉన్న రోజు పాపను దించవద్దు. పైన తేలుతూ చూడటమే, కిందికి మునగనివ్వకండి. పెద్దావిడకు రక్తపోటు మందులు ఉంటే వాటిని చేతిసంచిలోనే పెట్టుకోండి, పడవలో సామాను మరోచోట పెడతారు. కడుపు తిప్పే అలవాటు ఉంటే మీ వైద్యుడిని అడిగి, పడవ ఎక్కడానికి గంట ముందే మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర పెద్దగా పనిచేయదు.

బోర్లా తేలుతూ ఉంటాం కాబట్టి వీపు, మెడ వెనుక భాగం, మోకాళ్ల వెనుక చర్మం కమిలిపోతుంది. నీళ్ల చల్లదనంలో ఆ మంట తెలియదు. పొడుగు చేతుల ఈత దుస్తులు వేయండి. అప్పుడు క్రీము వాడకం కూడా తగ్గుతుంది, పగడాలకూ అది మేలు.

మళ్లీ కావలి నుంచి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రే తొట్టి అభ్యాసం మొదలైంది. పాప కన్నా నేనే ఎక్కువ సేపు పెట్టుకున్నాను. లైఫ్ జాకెట్ ఉంటే ఈత రాని నేను కూడా దిగవచ్చా? ఆరు రాత్రులు ఎలా పంచుకోవాలి? కావలి నుంచి ఎలా వెళ్లడం సులువు?

సమాధానం (ఒంగోలు నుంచి)

తప్పకుండా దిగండమ్మా. జాకెట్ పట్టీలు బిగించుకుని, గైడు చెయ్యి పట్టుకుని, మీ కాళ్లు నేలకు అందే లోతులో. పాప చూసినది మీరూ చూస్తే ఇంటికి వచ్చాక ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఎంత ఉంటుందో! మీకు కాళ్లు ఆనించాలనిపిస్తే ఇసుక ఉన్న చోటే ఆనించండి. పగడం బండరాయిలా కనిపిస్తుంది గానీ ప్రాణమున్నది. చాలా రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లకు మించి పెరగవు. నీళ్లు వేడెక్కి 2010లో అక్కడి పగడాలు చాలా వరకు తెల్లబడ్డాయి, వాటిలో కొన్ని చనిపోయాయి. మిగిలినవి, మళ్లీ మొలుస్తున్నవి మనం చూస్తున్నాం.

రాత్రుల సంగతి: మొదటిది పోర్ట్ బ్లెయిర్‌లో, తర్వాత మూడు నీల్‌లో, ఒకటి హేవ్‌లాక్‌లో, చివరిది మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో. చివరి రాత్రిని తీసేయకండి. గాలి మారితే పడవలు ఆపేస్తారు, అదే రోజు విమానం ఉంటే అది తప్పిపోతుంది. సెల్యులార్ జైలు మొదటి రోజు సాయంత్రమే చూసుకోండి.

కావలి నుంచి రైల్లో చెన్నై సెంట్రల్, అక్కడి నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికి వెళ్తుంది. విమానం రెండు గంటల పైచిలుకు. చెన్నై నుంచి ఓడ కూడా ఉంది గానీ రెండున్నర, మూడు రోజులు పడుతుంది, పెద్దావిడతో వద్దు. నగదు కొంచెం ఎక్కువ దగ్గర ఉంచుకోండి, నీల్‌లో ఫోను సిగ్నల్‌ను నమ్ముకుని చెల్లింపులు పెట్టుకోలేం. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మార్కెట్‌లో, ఆటోల్లో మన మాట వినిపిస్తే మీ అత్తగారికి ఊరు వదిలి వచ్చినట్టే ఉండదు.

సమాధానం (కొత్తపట్నం నుంచి)

ఇంకో రోజు దొరికితే పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లి రండి. 1983లో ఏర్పాటైన సముద్ర జాతీయ పార్కులోది. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, సోమవారం మూసి ఉంటుంది, ప్లాస్టిక్ ఏదీ లోపలికి తీసుకెళ్లనివ్వరు. అక్కడ రాత్రి బస లేదు, దుకాణాలు లేవు, అందుకే పగడాలు ఇంకా బాగున్నాయి.

పాపకు ముందే చెప్పి ఉంచండి, ఒడ్డున దొరికిన పగడపు ముక్క, శంఖం ఏదీ సంచిలో వేసుకోకూడదు. పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. పాపకు ఒక నోటు పుస్తకం కొనివ్వండి. నీళ్లలోంచి రాగానే చూసిన చేపల రంగులు, చారలు గీసుకోమనండి. ఆ బొమ్మలు ఇక్కడ పెడితే వాటిలో నాకు తెలిసిన చేపల పేర్లు నేను చెబుతాను.