ఆడపిల్లల టాయిలెట్లు మాటిమాటికీ జామ్ అవుతున్నాయి, ఏం చేయాలి?

బడిగంట: మాది జెడ్పీ హైస్కూల్. ఆడపిల్లలకు నాలుగు మరుగుదొడ్లు, ఒకటే సెప్టిక్ ట్యాంకు. ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ ప్యాడ్లే బయటికొస్తున్నాయి. నోటీసు అంటించాం, ప్రార్థనలో చెప్పాం, గుణం లేదు. యాసిడ్ పోస్తే కరుగుతాయా? ఇన్సినరేటర్ (ప్యాడ్లు కాల్చే మిషన్) పెట్టిస్తే మేలా?

పైపులపని: యాసిడ్ దండగ సార్. ప్యాడ్‌లో జెల్ పొడి ఉంటుంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది యాసిడ్‌కు కరగదు. పైగా ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరిస్తే కమోడ్ వంపులో ఉన్నది తర్వాతి వంపులోకి పోయి ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. పైనుంచి తోయకండి, కొక్కెం కడ్డీతో లాగించండి. ట్యాంకులోకి మాత్రం మనిషిని దింపొద్దు, ఆ గ్యాస్‌కు ప్రాణం పోతుంది. మురుగు తోడే లారీతో లాగించడమే.

నర్సమ్మ: నోటీసు సంగతి తర్వాత, చెత్తబుట్ట ఎక్కడుందో చెప్పండి. వాష్‌బేసిన్ దగ్గరుంటే పొట్లం చేత్తో పట్టుకుని అందరి ముందూ నడవాలి. దుకాణంలో ప్యాకెట్‌ని కూడా నల్లకవర్లో చుట్టించుకునే పిల్లలు అలా నడుస్తారా? కమోడ్‌లో పడేస్తే ఎవరికీ తెలీదు, అందుకే పడేస్తున్నారు. ప్రార్థనలో తిడితే ఇంకా దాస్తారు.

ప్రతి గదిలోనూ కాలితో నొక్కే మూతబుట్ట పెట్టండి, 10 లీటర్లది చాలు, లోపలున్నది కనబడకూడదు. తలుపు వెనక మేకుకు న్యూస్‌పేపర్ ముక్కలు గుచ్చండి. గదిలోనే కొళాయి, మగ్గు ఉండాలి, గడియ పడాలి. బుట్ట రోజూ ఖాళీ చేయాలి. శనివారం వదిలేస్తే సోమవారానికి కంపు కొట్టి, మళ్లీ కమోడే గతి.

ఇంకోటి, ప్యాడ్ల బీరువా తాళం మాస్టారి దగ్గరుంటే ఎవరూ అడగరు. 4–6 గంటలకు మార్చాల్సినదాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుకుంటారు. ఒరుసుకుపోయి పుండ్లు పడేది, దద్దుర్లు వచ్చేది అందుకే. నాలుగైదు ప్యాడ్లు ఆ గదుల దగ్గరే ఒక డబ్బాలో ఉంచండి.

చెత్తబండి: బుట్టలు పెట్టాక అసలు తకరారు ఎత్తేవాళ్ల దగ్గర. "మైల" అని ఆయమ్మ ముట్టుకోననొచ్చు, లేదా ఆ పని ఒకే కులంవాళ్ల మీదికి నెట్టేస్తారు. బుట్టలో సంచి వేసి, మూతి ముడేసి అలాగే ఎత్తితే లోపలిది ఎవరూ తాకక్కర్లేదు. రబ్బరు గ్లవుజులు, సబ్బు బడే కొనివ్వాలి. 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో చుట్టిన ప్యాడ్‌ను పొడిచెత్తలో వేయమనేవారు. విడి సంచిలో ఇస్తే ఏరేవాళ్లు విప్పి చూడరు.

బడిగంట: మాది పల్లె, బండి వారానికి ఒక్కసారే వస్తుంది. ఇన్సినరేటర్ గురించి చెప్పండి.

పైపులపని: చాలినంత వేడి లేకపోతే ప్లాస్టిక్ సగమే కాలి విషపు పొగ వస్తుంది. గొట్టం కప్పు దాటాలి, కరెంటు ఉండాలి, బూడిద తీసేవాళ్లుండాలి. ఒకేసారి కుక్కితే ఆగిపోతుంది. వరండాలో అందరి ముందూ బిగిస్తే ఎవరూ వాడరు, అదీ అలంకారమే.

నర్సమ్మ: కాలిస్తే పిల్లలు పుట్టరని కొన్ని ఇళ్లలో భయం, అది పోగొట్టకుండా మిషన్ కొనకండి. బండి వచ్చేదాకా సంచుల్ని మూత డ్రమ్ములో, నీడన దాచండి.

ఎనిమిదో తరగతి "కౌమార దశ" పాఠం దాటేయకుండా మగపిల్లల్నీ కూర్చోబెట్టి చెప్పండి. కొత్త ప్యాడ్ ఒకటి కోసి, గ్లాసు నీళ్లు పోసి జెల్ ఉబ్బడం చూపిస్తే చాలు. పైపులో ఏమవుతుందో వాళ్లకే అర్థమవుతుంది. మేడమ్ లేకపోతే మాస్టారే చెప్పొచ్చు, నవ్వకుండా.