100 మీటర్లలో పాయింట్ 22 తూటా: క్లిక్‌ల లెక్క ఎక్కడ తప్పింది?

గుంటూరు_ప్రోన్:
అందరికీ నమస్కారం. పాయింట్ 22 (గొట్టం వ్యాసం సుమారు 0.22 అంగుళాలు) రైఫిల్, 40 గ్రెయిన్ బరువున్న స్టాండర్డ్ వెలాసిటీ (సాధారణ వేగం) తూటాలు. స్కోప్ నాబ్ ఒక క్లిక్ తిప్పితే గురి పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు కోణం) జరుగుతుంది, 50 మీటర్లలో జీరో చేసి ఉంది, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా సర్ది ఉంది. రేంజ్‌లో టార్గెట్‌ను 100 మీటర్లకు జరిపితే గ్రూప్ (వరుసగా కాల్చిన తూటాల గుంపు) 22 సెంటీమీటర్లు కిందకి పడింది. క్లిక్‌కు 3.6 మిల్లీమీటర్ల చొప్పున లెక్కేసి 61 క్లిక్‌లు పైకి తిప్పాను. ఇప్పుడు గ్రూప్ అంతే కొలత, 22 సెంటీమీటర్లు, పైన పడుతోంది. స్కోప్ పాడైందంటారా?

బెజవాడ_బెంచ్:
స్కోప్‌కి ఏమీ కాలేదండి. 3.6 అనేది 50 మీటర్ల లెక్క. క్లిక్ కోణాన్ని మారుస్తుంది, దూరం రెట్టింపైతే అదే క్లిక్ 7.3 మిల్లీమీటర్లు జరుపుతుంది. 220ని 7.3తో భాగిస్తే 30. మీరు తిప్పింది 61 కాబట్టి 31 వెనక్కి తిప్పండి, మధ్యకి వస్తుంది.

దూరం రెట్టింపైతే తూటా పడేది కూడా రెట్టింపే అనుకోకండి. గొట్టం చూసే గీత నుంచి కొలిస్తే 50 మీటర్లకు సుమారు 0.16 సెకన్లలో 12 సెంటీమీటర్లు, 100 మీటర్లకు అర మీటరు దాకా పడుతుంది. గాలి తూటా వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి రెండో యాభైకి ఇంకాస్త ఎక్కువ సమయం పడుతుంది. సమయం రెట్టింపైతే పడడం నాలుగింతలు. 50లో జీరో చేసినప్పుడే గొట్టం కొంచెం పైకి ఎత్తి ఉంటుంది, అది కొంత పూడుస్తుంది. మిగిలిందే మీ 22.

తెనాలి_రైఫిల్:
31 వెనక్కి తిప్పే ముందు క్లిక్ నిజంగా పావు ఎంఓఏనే అని తేల్చుకోండి, డబ్బా మీద రాసింది నమ్మొద్దు. పొడవాటి కాగితం మీద మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి నిలువు గీత గీయండి. 100 మీటర్ల నుంచి కింది చుక్కకే గురిపెట్టి 5 తూటాలు, తర్వాత 40 క్లిక్‌లు పైకి తిప్పి అదే చుక్కకు మరో 5. రెండు గ్రూపుల మధ్యల ఎడం 29 సెంటీమీటర్లు రావాలి. 27.9 వస్తే క్లిక్ 4 శాతం తక్కువ, ప్రతి లెక్కలోనూ దాన్ని కలుపుకోవాలి. పైగ్రూప్ గీత పక్కకి జరిగితే స్కోప్ రింగుల్లో వంకరగా కూర్చుందని అర్థం.

బెజవాడ_బెంచ్:
బాగా చెప్పారు. వంకర అంటే రైఫిల్‌ని ఒరగబెట్టడం కూడా. 5 డిగ్రీలు కుడికి ఒరిగితే 100 మీటర్లలో తూటా సుమారు 4 సెంటీమీటర్లు కుడికి పోతుంది. చాలామంది దాన్ని గాలి అనుకుని విండేజ్ (గురిని పక్కలకు జరిపే నాబ్) తిప్పేస్తారు, అక్కడి నుంచి అంతా గందరగోళమే. రిమ్‌ఫైర్ (పాయింట్ 22 లాంటి తూటాల) స్కోపుల్లో చాలావాటికి పారలాక్స్ (కన్ను కదిలితే గురి కదిలినట్టు కనిపించే తేడా) 50 గజాల దగ్గర లేకుండా స్థిరంగా సర్ది ఉంటుంది, కాబట్టి 100లో చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనించండి.

మే నెల ఎండలో తూటాల పెట్టె బెంచీ మీద వదలకండి. లోపలి మందు వేడెక్కితే వేగం పెరిగి గ్రూప్ పైకి సాగుతుంది. పెట్టె నీడలో ఉంచి, పెట్టె మీది లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది) మారితే జీరో మళ్ళీ చూసుకోండి.