అప్‌డేట్: తమ్ముడి గంజాయి కేసు, సెక్షన్ 50 సంగతి

పోయిన నెల అడిగాను గుర్తుందా? మా తమ్ముణ్ణీ వాడి ఫ్రెండునీ బండి ఆపి సోదా చేశారు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కుందని సరిగ్గా చెప్పలేదు, కేసు నిలుస్తుందా అని. "ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) సెక్షన్ 50 పాటించలేదుగా, కొట్టేస్తారు" అని చాలామంది ధైర్యం చెప్పారు. అంత తేలిక కాదట.

లాయరుగారు పంచనామా చూసి మొదట అడిగింది ఒకటే: "సరుకు జేబులో దొరికిందా, బ్యాగులోనా?" బ్యాగులో. సెక్షన్ 50 ఒంటి మీద సోదాకే. బ్యాగు ఒంటి కిందకి రాదని సుప్రీంకోర్టు 2005లోనే పవన్ కుమార్ కేసులో చెప్పేసింది. ఆ హక్కు గురించిన నోటీసు ఇద్దరికీ కలిపి ఒకే కాగితం మీద ఇచ్చి సంతకాలు పెట్టించారని (2014 పరమానంద్ తీర్పు ప్రకారం అలాంటి ఉమ్మడి నోటీసు చెల్లదు) నేను ఎగిరి గంతేశాను గానీ, మాకది అక్కరకు రాలేదు.

ఆయన పట్టు వేరేచోట దొరికింది. శాంపిళ్లు రోడ్డు మీదే తీశారు. సెక్షన్ 52ఎ ప్రకారం మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలి. అదొక్కటే గట్టెక్కిస్తుందని మాత్రం అనుకోవద్దన్నారు.

తూకం 640 గ్రాములు. గంజాయి 20 కిలోలు దాటితే బెయిల్ కష్టం చేసే సెక్షన్ 37 మాకు అడ్డు రాలేదు, బెయిల్ వచ్చింది. అమ్మ ఇంకా వాడితో మాట్లాడట్లేదు.