మా కుక్క కుంటుతోంది, ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు

మాది తిరుపతి, కొర్లగుంట. మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు, 34 కిలోలు. మూడు వారాలుగా కుడి వెనక కాలు కుంటుతోంది. పడుకుని లేచినప్పుడే ఎక్కువ, పది పదిహేను అడుగులు వేశాక కొంచెం తగ్గుతుంది, మళ్లీ సాయంత్రం మెట్లెక్కితే మొదటికే వస్తుంది. నిలబడినప్పుడు ఆ కాలి వేళ్ల కొసలు మాత్రమే నేలకి ఆనిస్తుంది, కూర్చుంటే కాలు మడవకుండా పక్కకి చాపేస్తుంది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

పాదంలో ముల్లు, వేళ్ల మధ్య పిడుదులు అన్నీ వెతికాం, ఏమీ లేవు. మొదటి డాక్టర్ బెణుకన్నారు, మెలాక్సికామ్ (నొప్పి, వాపు తగ్గించే మందు) ఐదు రోజులు వాడాం, ఆపిన మూడో రోజుకి మళ్లీ అదే కుంటుడు. రెండో ఆయన ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు, కాల్షియం రాశారు. మూడో ఆయన పిడుదుల జ్వరమేమో అన్నారు గానీ రక్త పరీక్షలో ఏమీ రాలేదు, ప్లేట్‌లెట్లు కూడా బాగానే ఉన్నాయి.

నా అనుమానం మోకాలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) మీద. అది ఎక్స్‌రేలో నేరుగా కనపడదు కదా, మత్తిచ్చి, కండరాలు వదులయ్యాక మోకాలి కింది ఎముక ముందుకి జారుతుందేమో చేత్తో చూడాలి. ఇంతవరకు ఎవరూ ఆ పరీక్ష చేయలేదు.

తిరుపతిలో, వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో గానీ బయట గానీ, మీ కుక్కకి ఇలా మత్తిచ్చి మోకాలు పరీక్ష చేయించినవాళ్లుంటే, ఎక్కడ చేయించారో చెప్తారా?